రాజవారసుల రక్షణకు మాయావస్తువుల ఎంపిక

ఫాంటసీ రోల్ ప్లేయింగ్ ఆటలలో సింహాసనానికి వారసులైన రాజకుమారులను, రాజకుమార్తెలను హత్య, విషప్రయోగం, అపహరణ, వశీకరణ వంటి ఆపదల నుండి కాపాడటానికి మంత్రశక్తి గల ఉంగరాలు, తాయెత్తులు, అంగీలు మొదలైన వస్తువులను సమకూర్చటం తరచుగా ఎదురయ్యే సన్నివేశం. ఒక్కొక్కసారి ఆటగాళ్ళ పాత్రలే రాజు తరఫున ఈ వస్తువులను ఎంచవలసి ఉంటుంది. మరొకప్పుడు ఆట నిర్వాహకుడు తాను సృష్టించిన రాజ్యంలోని యువరాజుకు ఏయే రక్షణలు ఉన్నాయో ముందుగానే నిర్ణయించుకోవాలి. ఈ వ్యాసం ప్రధానంగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట నియమాలను ఆధారం చేసుకుని ఈ విషయాన్ని వివరిస్తుంది.

ఇటువంటి ఆటలలో బల్ల చుట్టూ కూర్చున్న ఆటగాళ్ళు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరిస్తారు. కథను నడిపే వ్యక్తిని డంజన్ మాస్టర్ అంటారు. ఏ పని ఫలించిందో, ఏది విఫలమైందో పాచికలు వేసి తేలుస్తారు. కనుక యువరాజు మెడలోని తాయెత్తు అతనిని కాపాడుతుందా లేదా అన్నది వర్ణనకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, లెక్కకు సంబంధించిన విషయం కూడా.

నేపథ్యం

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించారు. 1974లో టి.ఎస్.ఆర్. సంస్థ దీనిని ప్రచురించింది. 1997లో ఆ సంస్థను విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనుగోలు చేసింది. మూడవ కూర్పు 2000లోను, దాని సవరణ అయిన 3.5 కూర్పు 2003లోను, నాలుగవ కూర్పు 2008లోను, అయిదవ కూర్పు 2014లోను వెలువడ్డాయి. 2024 నుండి అయిదవ కూర్పు నియమాలను సవరించి మళ్ళీ ప్రచురించారు. ఈ వ్యాసంలో అయిదవ కూర్పు అన్నచోట 2014 నాటి నియమాలనే గ్రహించాలి.

రాజకుమారుని ఒంటిమీది రక్షణవస్తువు అన్న ఊహ ఈ ఆటలకంటే చాలా పాతది. జె.ఆర్.ఆర్. టోల్కీన్ నవలలలో బిల్బోకు దొరికి, తరువాత ఫ్రోడోకు చేరిన మిత్రిల్ కవచం మొదట ఒక ఎల్ఫ్ రాజకుమారుని కోసం తయారైనదే. మోరియా గనులలో ఫ్రోడోను ఈటె పోటు నుండి కాపాడినది అదే. తెలుగు పాఠకులకు మహాభారతంలోని కర్ణుని సహజ కవచకుండలాలు వెంటనే గుర్తుకు వస్తాయి. ఇంద్రుడు వాటిని యుద్ధంలో ఛేదించలేదు, బ్రాహ్మణ వేషంలో వచ్చి దానంగా అడిగి తీసుకుపోయాడు. వస్తువు ఎంత గట్టిదైనా దానిని ధరించినవాని స్వభావం ద్వారా శత్రువు లోపలికి రాగలడన్న ఈ సంగతి ఆట నిర్వాహకులకు ఎంతో పనికివస్తుంది.

ఈ ఆట కోసం ప్రచురించిన కథలలో కూడా ఆపదలో చిక్కుకున్న వారసులు కనిపిస్తారు. 1985లో వెలువడిన ది టెంపుల్ ఆఫ్ ఎలిమెంటల్ ఈవిల్ అనే సాహసకథలో ఫ్యూరియాండీ రాజ్య యువరాజు థ్రోమెల్ దుష్టుల ఆలయం అడుగున బందీగా ఉంటాడు. 1995 నాటి బర్త్‌రైట్ అనే కథాప్రపంచంలో రాజవంశాల రక్తంలోనే దైవశక్తి ఉంటుంది. అటువంటి వంశానికి చెందినవాని గుండెను చీల్చి చంపిన మరొక రాజవంశీయునికి ఆ శక్తి సంక్రమిస్తుంది. కనుక అక్కడ వారసుడు సింహాసనానికి అడ్డుగా ఉన్నవాడు మాత్రమే కాదు, దోచుకోదగిన నిధి కూడా. 2016 నాటి స్టార్మ్ కింగ్స్ థండర్‌లో తుఫాను రాక్షసుల రాజు అదృశ్యం కాగా సింహాసనం మీద కూర్చున్న కుమార్తె సెరిస్సాకు సొంత అక్కల నుండి, రాక్షసరూపంలో సభలో కూర్చున్న ఒక నీలి డ్రాగన్ నుండి ముప్పు ఉంటుంది. ముగ్గురికీ ఎదురైన ఆపదలు వేరు వేరు. ఒకే ఉంగరం ముగ్గురినీ కాపాడలేదు.

వారసుడు సాహసికుడు కాడు

నియమ గ్రంథాలలోని మాయావస్తువులను రాక్షసులతో పోరాడే సాహసికులను దృష్టిలో పెట్టుకుని రూపొందించారు. ఆటగాళ్ళు కూడా తమకు ఏది ఉపయోగపడుతుందో అదే బాలరాజుకు కూడా ఉపయోగపడుతుందని భావిస్తారు. అందరికీ ముందుగా తోచేవి రెండు: రింగ్ ఆఫ్ ప్రొటెక్షన్ అనే రక్షణ ఉంగరం, క్లోక్ ఆఫ్ ప్రొటెక్షన్ అనే రక్షణ అంగీ. అయిదవ కూర్పులో ఇవి రెండూ ధరించినవారి ఆర్మర్ క్లాస్‌ను, అనగా దెబ్బ తగలకుండా తప్పించే సంఖ్యను, ఒక్కొక్కటి చొప్పున పెంచుతాయి. మంత్రాలను, విషాలను తట్టుకోవటానికి వేసే సేవింగ్ త్రో పాచికకు కూడా ఒక్కొక్కటి కలుపుతాయి. సాహసికునికి ఇవి చాలా మంచి వస్తువులు. పసివానికి ఎంతవరకు పనికివస్తాయో లెక్క వేసి చూడవలసిందే.

అయిదవ కూర్పులో సామాన్య మానవునికి 4 హిట్ పాయింట్లు, ఆర్మర్ క్లాస్ 10. యుద్ధవిద్య నేర్వని బాలునికి ఇంతకంటే ఎక్కువ ఇవ్వటం కష్టం. అదే కూర్పులో అసాసిన్ అనే వృత్తి హంతకుడు దెబ్బ వేసేటప్పుడు 20 ముఖాల పాచికకు 6 కలుపుకుంటాడు. ఒక వరుసలో రెండు పోట్లు పొడవగలడు. ఇంకా తన వరుస రాని వ్యక్తిపై పాచిక రెండుసార్లు వేసి పెద్ద సంఖ్యను తీసుకుంటాడు. ఏమరుపాటున ఉన్నవానికి తగిలిన ప్రతి పోటూ క్రిటికల్ దెబ్బే, అంటే నష్టాన్ని తేల్చే పాచికలు రెట్టింపవుతాయి.

ఏ రక్షణా లేని బాలునికి ఒక పోటు తగిలే అవకాశం సుమారు 98 శాతం. ఉంగరం, అంగీ రెండూ ధరిస్తే అది సుమారు 94 శాతానికి తగ్గుతుంది. రెండు పోట్లలో ఒక్కటైనా తగిలే అవకాశం మాత్రం అప్పుడు కూడా 99 శాతం పైనే. చాటుదెబ్బకు కలిపే పాచికలతో సహా ఆ పోటుకు పది పాచికలు వేసి 3 కలుపుతారు. పాచికలన్నీ ఒకటే పడినా 13 వస్తుంది. హిట్ పాయింట్లు సున్నాకు చేరిన తరువాత మిగిలిన నష్టం గరిష్ఠ హిట్ పాయింట్లకు సమానమైనా, మించినా తక్షణ మరణమే అన్నది నియమం. 4 పాయింట్ల బాలునికి 8 చాలు. అంటే కత్తికి పూసిన విషాన్ని లెక్కలోకి తీసుకోకముందే బాలుడు మరణిస్తాడు.

పెరియాప్ట్ ఆఫ్ వూండ్ క్లోజర్ అనే పతకం విషయంలో కూడా ఇదే చిక్కు ఉంది. మరణం అంచున ఉన్నవానిని అది తనంతట తానే నిలకడకు తెస్తుంది. కాని తక్షణ మరణానికి అంచు అంటూ ఉండదు. యాభై హిట్ పాయింట్ల వీరుని ఎన్నోసార్లు బ్రతికించే ఈ పతకం పసివాని మెడలో దాదాపు అలంకారమే. యువరాజుకు ఇది కొందామని ఆటగాళ్ళు ఉత్సాహపడినప్పుడు ఈ నియమాన్ని ఒకసారి గుర్తుచేయటం మంచిది.

ధరించవలసినది ఎవరు

పై లెక్కను బట్టి హంతకుడు వారసుని దగ్గరకు చేరి పొడిచే దాకా వస్తే వారసుని ఒంటిమీది వస్తువులు చేయగలిగింది చాలా తక్కువ. అందువలన వారసుని రక్షణకు ఉత్తమమైన వస్తువు చాలాసార్లు వారసుడు ధరించేది కాదు, అతని పక్కన ఉన్నవారు ధరించేది.

దీనికి మంచి ఉదాహరణ వెపన్ ఆఫ్ వార్నింగ్, అనగా హెచ్చరించే ఆయుధం. అయిదవ కూర్పులో ఇది అంత అరుదైనది కాదు. దీనిని ధరించినవారిని, 30 అడుగుల లోపల ఉన్న వారి సహచరులను ఏమరుపాటున దెబ్బ తీయటం సాధ్యపడదు. సహజ నిద్రలో ఉంటే పోరు మొదలైన క్షణాన ఆ ఆయుధమే వారిని మేల్కొలుపుతుంది. ఎవరు ముందు కదలాలో తేల్చే పాచిక ధరించినవారికి అనుకూలంగా ఉంటుంది. బాలునికి తగిలే పోటు ఇప్పుడు కూడా ప్రాణాంతకమే. కాని పోటు పడకముందే అంగరక్షకుడు లేచి అడ్డుపడే అవకాశం వచ్చింది. నడుముకు కత్తి కట్టుకున్న దాది పది రక్షణ ఉంగరాలకంటే విలువైనది.

3.5 కూర్పులో రింగ్ ఆఫ్ ఫ్రెండ్ షీల్డ్ అనే జంట ఉంగరాలు ఉన్నాయి. జంటలో ఒకటే ఉంటే అది పనిచేయదు. ఒకరు ఆజ్ఞాపిస్తే రెండవవారికి తగిలే దెబ్బలో సగం తాము స్వీకరిస్తారు. దీనికి దూరపరిమితి లేదు. కోటలో బాలుడు, సరిహద్దులో సేనాపతి ఉన్నా ఇది పనిచేస్తుంది. జంట ధర 50,000 బంగారు నాణేలు. అదే ధరకు 5 అంకెలు కలిపే అత్యుత్తమ రక్షణ ఉంగరం ఒకటి వస్తుంది. రెండింటిలో జంట ఉంగరాలే మేలని చెప్పవచ్చు. సగం దెబ్బ పంచుకోవటం ఒక్కటే దీనికి కారణం కాదు, తనకు గాయమైన క్షణంలోనే బాలునికి ఆపద వచ్చిందని సేనాపతికి తెలిసిపోతుంది. అయిదవ కూర్పులో వార్డింగ్ బాండ్ అనే మంత్రం దీనికి దగ్గరగా ఉంటుంది. దానికి ఒక్కొక్కటి 50 బంగారు నాణేల విలువ గల రెండు ప్లాటినం ఉంగరాలు కావాలి. రక్షణ పొందినవానికి తగిలే ప్రతి దెబ్బా సగమవుతుంది, అంతే నష్టం మంత్రం వేసినవానికీ కలుగుతుంది. కాని అది గంటసేపే నిలుస్తుంది, ఇద్దరి మధ్య దూరం 60 అడుగులు దాటితే ముగుస్తుంది. పట్టాభిషేకం, ఊరేగింపు వంటి సందర్భాలకు ఇది సరిపోతుంది.

విషం

విషం విషయంలో మాత్రం వారసుని ఒంటిమీది వస్తువుకు తిరుగులేదు. పెరియాప్ట్ ఆఫ్ ప్రూఫ్ అగైనెస్ట్ పాయిజన్ అనే పతకం ధరించినవారికి ఏ విషమూ ఎక్కదు. 3.5 కూర్పులో దీని ధర 27,000 బంగారు నాణేలు. అయిదవ కూర్పులో దీనికి ముందుగా అనుసంధానం అవసరం లేదు కనుక పసిబిడ్డకైనా మెడలో వేయవచ్చు. పేద సంస్థానాలలో భోజనానికి ముందు పూజారి ప్యూరిఫై ఫుడ్ అండ్ డ్రింక్ అనే చిన్న మంత్రంతో వడ్డించిన పదార్థాలను శుద్ధి చేయవచ్చు, దానికి ఖర్చు లేదు. కాని బాణపు ములికికి పూసిన విషానికి అది పనికిరాదు. భోజనశాలకు బయట తినే పండుకు కూడా పనికిరాదు. పరీక్షిత్తు ఒంటిస్తంభపు మేడలో వైద్యుల నడుమ, మంత్రాల కాపలాలో ఉన్నప్పుడు తక్షకుడు పండులోని పురుగు రూపంలోనే లోపలికి వచ్చాడు.

దాచే వస్తువులతో చిక్కులు

అపహరణ చేయదలచినవారు ముందుగా వారసుడు ఎక్కడ ఉన్నాడో దివ్యదృష్టి మంత్రాలతో చూస్తారు. దీనికి విరుగుడు అమ్యులెట్ ఆఫ్ ప్రూఫ్ అగైనెస్ట్ డిటెక్షన్ అండ్ లొకేషన్ అనే తాయెత్తు. అది ధరించినవారిని అటువంటి మంత్రాలేవీ చూడలేవు, వెదకలేవు. 3.5 కూర్పులో దీని ధర 35,000 బంగారు నాణేలు. చాలామంది రాజులు మొదట కొనేది ఇదే.

చిక్కు ఏమిటంటే ఈ తాయెత్తుకు శత్రువు ఎవరో, మిత్రుడు ఎవరో తెలియదు. బాలుని ఎత్తుకుపోయిన దొంగలు అతని ఉంగరాలు, అంగీలు ఊడదీస్తారు గాని తాయెత్తును మాత్రం జాగ్రత్తగా మెడలోనే ఉంచుతారు. అప్పుడు ఆస్థాన మాంత్రికుడు ఎన్ని రాత్రులు జలపాత్రలోకి చూస్తూ కూర్చున్నా ఏమీ కనబడదు. 2014 నియమాలలో సెండింగ్ అనే మంత్రం దివ్యదృష్టి తరగతికి చెందినది కాదు కనుక దానికి తాయెత్తు అడ్డురాదు. ఆ మంత్రంతో 25 మాటల సందేశం పంపి, బాలుని నుండి జవాబు పొందవచ్చు. అందుచేత ఈ తాయెత్తు వేసే రాజు రెండు పనులు చేయాలి. బాలునికి బాగా పరిచయమున్న, ఈ మంత్రం తెలిసిన వ్యక్తిని ఆస్థానంలో ఉంచాలి. చుట్టూ ఏమి కనిపిస్తున్నదో కొద్ది మాటలలో చెప్పటం బాలునికి ముందే నేర్పాలి. రెండవది నియమ గ్రంథాలలో లేదు, అయినా ఆట రక్తికట్టేది అక్కడే.

రింగ్ ఆఫ్ మైండ్ షీల్డింగ్ అనే ఉంగరానిదీ ఇదే ధోరణి. దీనిని ధరించినవారి ఆలోచనలను, వారు చెప్పే మాటలోని నిజానిజాలను, వారు ఏ జాతి ప్రాణి అన్న సంగతిని మంత్రంతో తెలుసుకోవటం సాధ్యం కాదు. రాజ్య రహస్యాలు తెలిసిన యువరాజుకు ఇది అవసరమే. కాని యువరాజును మాయం చేసి, రూపం మార్చగల డాపెల్‌గాంగర్ అతని స్థానంలో కూర్చుంటే? ఉంగరం ఇప్పుడు ఆ మోసగాని వేలికి ఉంటుంది, పరీక్షించటానికి వేసిన మంత్రాలన్నీ విఫలమవుతాయి, యువరాజు ఎప్పుడూ ఉంగరం తీయడని అందరికీ తెలుసు కనుక ఎవరికీ అనుమానం రాదు. నెలకు ఒకసారి తల్లి సమక్షంలో ఉంగరం తీసే ఆచారం ఉన్న రాజవంశాన్ని సృష్టించిన నిర్వాహకుడు ఆట నియమాలను బాగా చదివినవాడని గ్రహించవచ్చు.

కానుకలు

నామకరణానికి, పుట్టినరోజుకు దూరదేశాల నుండి వచ్చే కానుకలే అన్నింటికంటే ప్రమాదకరమైనవి. పాత కూర్పుల నుండి ఉన్న స్కారబ్ ఆఫ్ డెత్ చూడటానికి ఒక చిన్న పేడపురుగు ఆకారపు బిళ్ళ. 3.5 కూర్పులో నియమం ఇది: ప్రాణి దానిని కొద్ది క్షణాలకు మించి చేత పట్టుకున్నా, ఒక నిమిషం పాటు దగ్గర ఉంచుకున్నా అది ప్రాణం పోసుకుని గుండె దాకా తొలుచుకుపోతుంది. చెక్క, లోహం, దంతం మొదలైన వాటితో చేసిన పెట్టెలో ఉన్నంతసేపు మాత్రం కదలదు. స్కారబ్ ఆఫ్ ప్రొటెక్షన్ అనే మరొక బిళ్ళ ఇదే పురుగు ఆకారంలో ఉండి నిజంగానే రక్షిస్తుంది. పెట్టెలో పెట్టి పంపిన బిళ్ళ ఈ రెండింటిలో ఏదో చూపుతో తేల్చటం సాధ్యం కాదు.

ఐడెంటిఫై అనే మంత్రంతో పరీక్షిస్తే చాలునని ఆటగాళ్ళు అనుకుంటారు. అయిదవ కూర్పు నియమాల ప్రకారం ఆ మంత్రం వస్తువు గుణాలను తెలుపుతుంది గాని దానిలోని శాపాన్ని సాధారణంగా బయటపెట్టదు. శపించిన వస్తువుతో ఒకసారి అనుసంధానం ఏర్పడితే రిమూవ్ కర్స్ వంటి మంత్రంతో శాపం తొలగే దాకా దానిని ఇష్టపూర్వకంగా వదిలించుకోలేరు. కొత్త వస్తువును మొదట వేరొకరు కొంతకాలం ధరించి చూడటం పాత పద్ధతి. ఆ వేరొకరు ఎవరు, అందుకు వారు ఒప్పుకున్నారా అన్న ప్రశ్న రాజసభలలో అంతగా వినబడదు. ఆటగాళ్ళ పాత్రలలో ఒకరికి ఆ పని అప్పగిస్తే మాత్రం తప్పక వినబడుతుంది.

పరిమితులు

మూడవ కూర్పులోను, 3.5 కూర్పులోను శరీరంలోని ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క వస్తువే పనిచేస్తుంది. ఉంగరాలు రెండు. మెడకు మాత్రం తాయెత్తు, పతకం, హారం, బిళ్ళ అన్నీ కలిపి ఒక్కటే. విషం నుండి కాపాడే పతకం, శత్రువు చూపు నుండి దాచే తాయెత్తు రెండూ మెడకు చెందినవే కనుక రాజు రెండింటిలో ఒకటి ఎంచుకోక తప్పదు. వంటశాలను నమ్మగలిగితే తాయెత్తు, నమ్మలేకపోతే పతకం అన్నది సబబైన పద్ధతి.

అయిదవ కూర్పులో ఈ పట్టిక అంత కఠినంగా లేదు. దాని బదులు అట్యూన్‌మెంట్, అనగా అనుసంధానం, అనే నియమం ఉంది. ఒక వ్యక్తికి ఒకే సమయంలో మూడు వస్తువులతోనే అనుసంధానం ఉండగలదు. ఒక్కొక్కదానికి కనీసం గంటసేపు విశ్రాంతిగా కూర్చుని, వస్తువును తాకుతూ, దానిపైనే మనసు నిలపాలి. ఊయలలోని బిడ్డకు ఇది సాధ్యమా అన్న ప్రశ్నకు గ్రంథంలో జవాబు లేదు, నిర్వాహకుడే నిర్ణయించాలి. సాధ్యం కాదని నిర్ణయిస్తే అనుసంధానం అక్కరలేని విషహారి పతకం వంటి కొద్ది వస్తువులే మిగులుతాయి. తమంతట తాము పనిచేయని వస్తువులు కూడా పిల్లలకు పనికిరావు. రింగ్ ఆఫ్ ఎవేషన్ వంటివి ఆపద క్షణంలో ధరించినవారు తామే ప్రయోగించాలి. నిద్రలో ఉన్న ఆరేళ్ళ బాలుని నుండి అది ఆశించలేము.

మరణానంతరం

ఈ ఆటలలో మరణం తిరుగులేనిది కాదు. రైజ్ డెడ్ మంత్రంతో 500 బంగారు నాణేల విలువ గల వజ్రాన్ని వెచ్చించి పది రోజుల లోపల మరణించినవారిని బ్రతికించవచ్చు. రాజుకు వజ్రం కొరత కాదు. ఈ సంగతి హంతకులకూ తెలుసు కనుక తెలివైనవారు శవాన్ని వదలిపెట్టరు. తల వంటి ముఖ్య అవయవం లేకపోతే ఈ మంత్రం ఫలించదు.

పైన చెప్పిన రింగ్ ఆఫ్ మైండ్ షీల్డింగ్‌కు అయిదవ కూర్పులో మరొక గుణం ఉంది. ధరించినవారు మరణిస్తే వారి ఆత్మ ఆ ఉంగరంలో ప్రవేశించి, ఇష్టమున్నంత కాలం అక్కడే ఉండగలదు. తరువాత ఆ ఉంగరాన్ని వేలికి తొడుగుకున్నవారితో మనసులోనే మాటలాడగలదు. అంతేకాక ధరించినవారు దానిని ముందుగానే అదృశ్యం చేసి ఉంచవచ్చు. కాని మరణించిన క్షణాన ఉంగరం మళ్ళీ కంటికి కనబడుతుంది. హంతకుడు దానిని ఆశపడి తన వేలికి తొడుగుకుంటే, తాను చంపిన బాలుని గొంతు తన తలలోనే వినవలసి వస్తుంది. అతడు భయపడి పారవేసినది ఏ పనిమనిషికో దొరికితే రాజుకు సాక్షి దొరికినట్లే.

ఆట నిర్వహణలో

అన్ని రక్షణలూ ఉన్న యువరాజుతో కథ నడవదు. ఏ రక్షణా లేని యువరాజును ఆటగాళ్ళు నమ్మరు, ఏ రాజు అయినా కన్నబిడ్డకు ఏదో ఒకటి చేసి ఉంటాడు కదా అంటారు. అందుచేత అనుభవజ్ఞులైన నిర్వాహకులు ముందుగా రాజు దేనికి భయపడుతున్నాడో నిర్ణయించుకుని, ఆ భయానికి తగిన ఒకటి రెండు మంచి వస్తువులు ఇచ్చి, అసలు ఆపదను మరొకవైపు నుండి తెస్తారు. తన తండ్రి విషంతో మరణించిన రాజు కొడుకు మెడలో విషహారి పతకం వేస్తాడు, దొంగలు తాడు నిచ్చెనతో వస్తారు. ఆటగాళ్ళే వస్తువులు ఎంచే పక్షంలో వారి ముందు డబ్బుసంచి కంటే మొదట ఆస్థానంలోని వ్యక్తుల జాబితా ఉంచటం మంచిది.

అన్ని ఆటలలోను ఈ సమస్యకు వస్తువులే పరిష్కారం కాదు. గ్రెగ్ స్టాఫర్డ్ రూపొందించగా 1985లో వెలువడిన పెండ్రాగన్ ఆట ఆర్థరు రాజు కాలపు వీరుల వంశాలను తరతరాలుగా నడుపుతుంది. అక్కడ ప్రతి ఏటా చలికాలంలో పిల్లలు పుట్టారా, ఉన్నవారు బ్రతికారా అన్నది పాచిక వేసి తెలుసుకుంటారు. తండ్రి పాత్ర మరణిస్తే ఆటగాడు కొడుకు పాత్రతో ఆట కొనసాగిస్తాడు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదవ కూర్పు మూలనియమాలలో చాలా భాగాన్ని 2023లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. ఇక్కడ ప్రస్తావించిన ఆ కూర్పు వస్తువులు, మంత్రాలలో అనేకం అందులో ఉన్నాయి కనుక పై లెక్కలను విద్యార్థులు స్వయంగా వేసి చూడవచ్చు. 2024 సవరణలో ఏమరుపాటు నియమం మారింది. ఏమరుపాటున చిక్కినవారు ముందు కదిలే అవకాశాన్ని తేల్చే పాచికలో వెనుకబడతారు. ఆ కూర్పుతో ఆడేవారు హంతకుని లెక్కను మళ్ళీ వేసుకోవాలి.